సవతి బిడ్డను చట్టప్రకారం దత్తత తీసుకోవడం, తక్కువ ఖర్చుతో: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో పెళ్లి చేసుకుని, మొదటి పెళ్లి వల్ల పుట్టిన బిడ్డను కొత్త భర్తో భార్యో సొంతబిడ్డగా రాయించుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా పాపను నా రెండో భర్త దత్తత తీసుకున్నారు. అప్పుడు మా దగ్గర డబ్బు లేదు, చెప్పేవాళ్లూ లేరు. ఇక్కడ చెప్పేదంతా భారతదేశంలోని చట్టాల గురించే.

పెళ్లి అయింది కదా, ఆయన బిడ్డకు తండ్రి అయిపోయినట్టే కదా?

చట్టం దృష్టిలో కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ (అంటే 18 ఏళ్లు నిండని వయసు), సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్‌లో సహజ సంరక్షకులు ఎవరో చెప్పి, తండ్రి, తల్లి అనే మాటల్లోకి సవతి తండ్రి, సవతి తల్లి రారని విడిగా రాశారు. అంటే పదేళ్లు భుజాల మీద మోసి పెంచినా, బిడ్డ తరఫున సహజ సంరక్షకుడిగా సంతకం పెట్టే హక్కు ఆయనకు రాదు. వారసత్వమూ అంతే. సవతి తల్లి ఆస్తి విషయంలో కొడుకు అంటే సవతి కొడుకు కూడా అని అర్థం కాదని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. దత్తత జరిగితే ఈ రెండూ మారతాయి.

అయితే దత్తత తప్పనిసరిగా చేయాలా?

అక్కర్లేదు. నిజానికి అందరూ ముందు ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే. మీ అసలు భయం ఆస్తి గురించే అయితే వీలునామా చాలు. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. రేపు తల్లికేమైనా అయితే బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందన్నది భయమైతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సవతి తండ్రిని సంరక్షకుడిగా నియమించమని కోర్టును అడగవచ్చు. అందులో కన్నతండ్రి బంధం తెగదు, బిడ్డ మేజర్ అయ్యాక ఆ ఉత్తర్వుతో పని ఉండదు.

పూర్తిగా, శాశ్వతంగా, అన్ని కాగితాల్లోనూ తండ్రి అవ్వాలనుకుంటేనే దత్తత. అది వెనక్కి తీసుకునేది కాదు. ఆ సంగతి కింద చెప్పాను.

ఏ చట్టం కింద చేయాలి? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

రెండు దారులున్నాయి, అందుకే ఆ గందరగోళం. మొదటిది 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం. ఇది హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుంది. ఇందులో బిడ్డను ఇచ్చి పుచ్చుకోవడం జరగాలి, దానికి సాక్ష్యంగా దత్తత పత్రం రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తారు. రెండోది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. ఇది ఏ మతం వారికైనా సరిపోతుంది. దీనికి ముందున్న 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతం వారైనా దత్తత తీసుకోవచ్చని 2014లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఈ దారిలో చివరికి ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్. 2021లో చట్టాన్ని సవరించారు, 2022 సెప్టెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. అంతకుముందు దత్తత తీసుకున్నవాళ్లు కోర్టుకు వెళ్లాలని చెబితే వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ల రోజుల్లో అలాగే ఉండేది.

రెండింట్లో ఏది ఎంచుకోవాలి?

హిందూ చట్టం దారిలో కొన్ని గోడలున్నాయి. బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు (కులాచారం ఉంటే తప్ప). దత్తత తీసుకునే ఆయనకు అప్పటికే కొడుకు ఉంటే మళ్లీ కొడుకును దత్తత తీసుకోలేరు, కూతురు ఉంటే కూతురిని తీసుకోలేరు. మగవాళ్లు ఆడపిల్లను తీసుకున్నా, ఆడవాళ్లు మగపిల్లాడిని తీసుకున్నా ఇద్దరి మధ్య కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. మీ ఇంట్లో ఆయన మొదటి పెళ్లి కూతురు ఒకరు, మీ కూతురు ఒకరు ఉంటే ఈ దారి అక్కడే మూసుకుపోతుంది.

జువెనైల్ జస్టిస్ దారిలో 18 నిండని బిడ్డ ఎవరైనా సరే. దంపతులు రెండేళ్లుగా కలిసి ఉండాలన్న షరతు, వయసు తేడా షరతు, పిల్లల సంఖ్య షరతు సవతి తల్లిదండ్రులకు లేవు. మొదటి భర్త చనిపోయి, బిడ్డ చిన్నదై, కొత్త భర్తకు వేరే పిల్లలు లేకపోతే రిజిస్టర్డ్ దత్తత పత్రం తేలికైన పని. మొదటి భర్త బతికే ఉన్నా, తీసుకునేది సవతి తల్లి అయినా నేనైతే కలెక్టర్ దారే మంచిదంటాను, ఎందుకంటే చేతికి ఒక ఉత్తర్వు వస్తుంది, దాన్ని చూశాక ఏ గుమాస్తా అయినా ఎదురు ప్రశ్నలు వేయడం తగ్గుతుంది.

కలెక్టర్ దారిలో అసలు ఏం చేయాలి?

భార్యాభర్తలిద్దరూ కలిసి కేంద్ర దత్తత వనరుల సంస్థ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. దీన్ని అందరూ కారా అంటారు. సవతి తల్లిదండ్రుల దత్తతకు అందులో విడిగా విభాగం ఉంటుంది. అనాథ పిల్లల కోసం దరఖాస్తు చేసే విభాగంలోకి పొరపాటున వెళ్లకండి, అక్కడ ఏళ్ల తరబడి వరుస ఉంటుంది, అది మీ వరుస కాదు. బిడ్డ పుట్టిన తేదీ రుజువు, మీ పెళ్లి సర్టిఫికెట్, విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువపత్రం, నిర్ణీత నమూనాలో సమ్మతి పత్రం, చిరునామా, ఆదాయం, ఆరోగ్యం రుజువులు పెట్టాలి. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ వాటిని పరిశీలిస్తుంది, కారా నుంచి ముందస్తు ఆమోద పత్రం వస్తుంది, ఆ తర్వాత దరఖాస్తు కలెక్టర్ దగ్గరకు వెళుతుంది. విచారణ గది తలుపులు వేసి, గోప్యంగా జరుగుతుంది. ఉత్తర్వు వచ్చాక దాని సర్టిఫైడ్ కాపీ తీసుకుని పోర్టల్‌లో పెట్టాలి.

బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న కస్టడీ కేసు కోర్టులో నడుస్తుంటే అది తేలేవరకు ఇది మొదలుకాదు. ముందు ఆ కేసు చూసుకోండి.

వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయిస్తే అయిపోతుందన్నారు, నిజమేనా?

కాదు. మేము మొదట పడింది ఈ గోతిలోనే. ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర నోటరీ కాగితం చేయించుకుని, దాన్ని పట్టుకుని స్కూలుకి ఒకసారి, ఆధార్ కేంద్రానికి రెండుసార్లు తిరిగాం, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, పట్టించుకోకపోవడమే సరైనది కూడా. నోటరీ ముద్ర ఆ సంతకం మీదేనని చెబుతుంది, అంతే. దత్తత జరిగిందని చట్టం ముందుగానే నమ్మేది, ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ సంతకం చేసి రిజిస్టర్ చేయించిన పత్రం ఉన్నప్పుడు. హిందూ దత్తత చట్టం 16వ సెక్షన్ చెప్పేది అదే. దత్తత పత్రానికి కట్టే స్టాంపు రుసుము నిర్ణీతంగా ఉంటుంది, ఇల్లు కొన్నప్పుడు లాగా విలువలో ఇంత శాతం అని ఉండదు. కాబట్టి రిజిస్ట్రేషన్ ఖర్చుకు భయపడి నోటరీతో సరిపెట్టుకోవద్దు.

విడాకులైపోయాయి, కస్టడీ నాదే. అయినా మొదటి భర్త సంతకం కావాలా?

కావాలి. చాలామంది గుండె ఇక్కడే జారిపోతుంది, నాదీ అంతే. విడాకులతో భార్యాభర్తల బంధం పోతుంది గానీ తండ్రి తండ్రిగానే ఉంటాడు. హిందూ చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం తల్లి బిడ్డను దత్తత ఇవ్వాలంటే తండ్రి సమ్మతి ఉండాలి. ఆయన సన్యాసం తీసుకున్నా, హిందూ మతం విడిచినా, మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించినా తప్ప మినహాయింపు లేదు. భరణం కట్టకపోవడం, బిడ్డను చూడటానికి రాకపోవడం ఆ జాబితాలో లేవు. కలెక్టర్ దారిలోనూ కన్నవారి సమ్మతికి నిర్ణీత నమూనా ఉంది.

ఒక్క మాట చెబుతాను. కోపంతో ఫోన్ చేసి అడగకండి. దత్తత జరిగితే ఇకముందు బిడ్డ పోషణ బాధ్యత కొత్త తండ్రిదే అవుతుందని, తన భారం తీరుతుందని ఆయనకు నెమ్మదిగా, వీలైతే ఇద్దరూ గౌరవించే పెద్దమనిషి ద్వారా తెలియజేయండి. మా విషయంలో పని జరిగింది ఆ ఒక్క వాక్యంతోనే. ఉచిత న్యాయ సహాయం ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థ దగ్గర (దాని సంగతి కింద చెప్పాను) మధ్యవర్తిత్వం కూడా ఉచితంగా అడగవచ్చు.

సంతకం పెట్టాలంటే డబ్బు అడుగుతున్నాడు.

ఇవ్వకండి. ఎంత చిన్న మొత్తమైనా సరే. దత్తతకు ప్రతిఫలంగా డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే, హిందూ దత్తత చట్టం 17వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. కలెక్టర్ కూడా ఉత్తర్వు ఇచ్చే ముందు డబ్బు చేతులు మారలేదని చూసుకోవాలని చట్టంలోనే ఉంది. పాత భరణం బకాయి వదులుకుంటానని బేరం పెట్టడం కూడా అటు జారే అవకాశం ఉంది, వకీలును అడగకుండా అలాంటి మాట రాసివ్వొద్దు.

ఆయన ఎక్కడున్నాడో తెలియదు.

ఇది కష్టమైన పరిస్థితి. ఏడేళ్లు పైగా, సహజంగా ఆయన సంగతి తెలియాల్సినవాళ్లకు ఎవరికీ తెలియకపోతే చనిపోయినట్టు భావించమని సివిల్ కోర్టులో ప్రకటన కోరవచ్చు. అంతకంటే తక్కువ కాలమైతే ఇప్పటికి సంరక్షకత్వంతో సరిపెట్టుకోవడం గురించి ఆలోచించండి. ఈలోగా మీరు వెతికిన ప్రతి ప్రయత్నానికీ ఆధారం దాచుకోండి: తిరిగొచ్చిన రిజిస్టర్డ్ పోస్టు కవర్లు, పోలీసు ఫిర్యాదు కాపీ, ఆయన బంధువులకు పంపిన సందేశాలు. తిరిగొచ్చిన కవరు విప్పకండి.

మొదటి భర్త చనిపోయారు. అత్తమామలు ఒప్పుకోవాలా?

చట్టప్రకారం అక్కర్లేదు. 2022 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసు సరిగ్గా ఇలాంటిదే, అదీ హైదరాబాద్‌లోని హైకోర్టు నుంచి వెళ్లింది. భర్త పోయాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది, బిడ్డకు మొదటి భర్త ఇంటిపేరే ఉంచాలని, రికార్డుల్లో రెండో భర్త పేరు పక్కన సవతి తండ్రి అని రాయాలని గొడవ వచ్చింది. తల్లే సహజ సంరక్షకురాలు కాబట్టి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు, దత్తత ఇచ్చే హక్కు ఆమెకు ఉన్నాయని కోర్టు చెప్పింది, సవతి తండ్రి అని రాయమనడం బిడ్డ మనసును పట్టించుకోని క్రూరమైన పని అని కూడా అంది. ఎవరైనా అడ్డు చెబితే ఈ తీర్పు సంగతి మీ వకీలుకు గుర్తు చేయండి.

కానీ కొడుకును పోగొట్టుకున్న ఆ ముసలివాళ్లకు మనవరాలు తప్ప ఏం మిగిలింది? దత్తత జరిగినా నానమ్మ ఇంటికి పంపొద్దని ఏ చట్టమూ చెప్పదు. ముందే ఆ మాట ఇవ్వండి, నిలబెట్టుకోండి.

దత్తత వల్ల బిడ్డ ఏమైనా పోగొట్టుకుంటుందా?

పోగొట్టుకోవచ్చు. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు. దత్తత రోజునుంచి కన్నతండ్రి కుటుంబంతో చట్టపరమైన బంధం తెగుతుంది. అప్పటికే బిడ్డకు దక్కిన ఆస్తి బిడ్డదే, దాన్ని ఎవరూ తీసుకోలేరు. తండ్రి వీలునామా లేకుండా చనిపోతే ఆయన సొంత ఆస్తిలో బిడ్డ వాటా ఆ రోజే వచ్చేసింది, ఇప్పుడు దత్తత వెళ్లినా అది పోదు.

చిక్కు తాతగారి ఆస్తితో. తండ్రి ముందే పోయి, తాతగారు ఇంకా బతికి ఉంటే, రేపు ఆయన వీలునామా లేకుండా పోయినప్పుడు చనిపోయిన కొడుకు బిడ్డగా రావాల్సిన వాటా దత్తత వెళ్లిన బిడ్డకు రాదు. ఉమ్మడి పిత్రార్జితం సంగతికొస్తే, దత్తతకు ముందే పంపకాలు జరిగి వాటా చేతికొస్తే తప్ప పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో దత్తత వెళ్లినవారికి హక్కు మిగలదని 2023లో తెలంగాణ హైకోర్టు పూర్తి ధర్మాసనం చెప్పింది. కాబట్టి అటువైపు పొలమో ఇల్లో ఉంటే దత్తతకు ముందే ఒకసారి వకీలుకు చూపించండి, అవసరమైతే పంపకం ముందు, దత్తత తర్వాత. తండ్రి ఉద్యోగం వల్ల బిడ్డకు పింఛను వస్తుంటే ఆ శాఖ నిబంధనలు కూడా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. డబ్బు లేనివాళ్లకే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం, తొందరలో పోయిన వాటాను మళ్లీ కొనలేం.

మాకు కోర్టు విడాకులు లేవు, పెద్దమనుషుల్లో కాగితం రాసుకుని విడిపోయాం.

అయితే ఆగండి. ఆచారంగా విడాకులు చెల్లే కులమని రుజువు చేయగలిగితే తప్ప ఆ కాగితంతో మొదటి పెళ్లి రద్దు కాదు, రద్దు కాకపోతే రెండో పెళ్లి చెల్లదు, పెళ్లి చెల్లకపోతే ఈ దత్తతకు పునాదే లేదు. పరస్పర అంగీకార విడాకులు ముందు తీసుకుని, పెళ్లి మళ్లీ చేసుకుని, దాన్ని రిజిస్టర్ చేయించుకుని, అప్పుడు మొదలుపెట్టండి. ఆలస్యమే, కానీ వేరే దారి లేదు.

వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదు. ఉచితంగా దొరుకుతారా?

దొరుకుతారు, ఈ సంగతి తెలియక ఎంతమంది అప్పు చేస్తున్నారో. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. అంటే తల్లి పేరు మీద దరఖాస్తు పెడితే ఆదాయ సర్టిఫికెట్ ప్రసక్తే రాదు. మిగతా మగవాళ్లకు ఆదాయ పరిమితి ఉంది, దానికి అఫిడవిట్ సరిపోతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చేయండి. వకీలు, కోర్టు ఫీజు, కాగితాలు రాయడం, సర్టిఫైడ్ కాపీలు అన్నీ అందులోకి వస్తాయి. ఇచ్చిన వకీలు మిమ్మల్ని విడిగా డబ్బు అడిగితే ఆ సంస్థ కార్యదర్శికి రాసి ఇవ్వండి, మొహమాటపడొద్దు.

కలెక్టర్ దారిలో వకీలు తప్పనిసరి కూడా కాదు. ఏజెన్సీ నుంచి బిడ్డను తీసుకునేవాళ్లు కట్టే ఏజెన్సీ ఫీజు మీకు వర్తించదు.

మరి డబ్బు ఎక్కడ పోతుంది?

తిరగడంలో, తప్పు కాగితాల్లో. పాప పేరు పుట్టిన సర్టిఫికెట్‌లో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉండటం వల్ల మాకు ఒక నెల పోయింది. దరఖాస్తుకు ముందే ఒక సాయంత్రం కూర్చుని అన్ని కాగితాల్లో పేర్లు, ఇంటిపేర్లు, తేదీలు అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి. డిక్రీ సర్టిఫైడ్ కాపీలు ఒకేసారి రెండు మూడు తీసుకోండి. పని త్వరగా చేయిస్తానని వచ్చే మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు, పోర్టల్‌లో మీ దరఖాస్తు ఎక్కడుందో మీరే చూసుకోవచ్చు.

బిడ్డను అడుగుతారా?

అయిదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి తీసుకుంటారు, వయసును బట్టి బిడ్డ కోరికకు విలువ ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఏం చెప్పాలో నూరిపోయకండి. మా పాపకు అప్పుడు ఏడేళ్లు. పాత నాన్న బాధపడతాడా అని రాత్రి నన్ను అడిగింది. నేను రెండు వారాలు ఆగి, తనతో మాట్లాడి, అప్పుడే కాగితాలు పెట్టాను. బిడ్డకు ఇంకా మనసు కుదరకపోతే ఒక ఏడాది ఆగినా నష్టం లేదు, హిందూ చట్టం దారిలో వెళ్లేవాళ్లు మాత్రం 15 ఏళ్ల గడువు చూసుకోండి.

ఎన్ని నెలలు పడుతుంది?

కలెక్టర్ దగ్గర దాఖలైన రోజునుంచి రెండు నెలల్లో తేల్చాలని చట్టం. దానికి ముందు పరిశీలనకు పట్టే కాలం మీ కాగితాలు ఎంత శుభ్రంగా ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. రెండు నెలలు దాటితే దాఖలు తేదీ రాసి, మర్యాదగా ఒక లేఖ ఇచ్చి, దానికి రసీదు తీసుకోండి.

ఉత్తర్వు మాకు వ్యతిరేకంగా వస్తే?

30 రోజుల్లో డివిజనల్ కమిషనర్ దగ్గర, ఆ పదవి లేనిచోట ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటనివ్వకండి, కారణాలు రాసి ఇమ్మని ఉత్తర్వు కాపీ వెంటనే తీసుకోండి.

రేపు ఈ పెళ్లి కూడా నిలబడకపోతే దత్తత రద్దవుతుందా?

అవదు. హిందూ చట్టం 15వ సెక్షన్ ప్రకారం చెల్లుబాటు అయిన దత్తతను తీసుకున్నవాళ్లూ రద్దు చేయలేరు, బిడ్డా వదులుకోలేదు. మీరిద్దరూ విడిపోయినా ఆయన తండ్రే, పోషణ బాధ్యత ఆయనదే, ఆస్తిలో బిడ్డ వారసత్వమూ అలాగే ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఈ మాట మీ భర్తతో ఎదురుగా కూర్చుని చెప్పండి. మా ఆయన ఈ మాట విని ఒక రాత్రంతా ఏమీ మాట్లాడలేదు, పొద్దున్నే లేచి పెన్ను ఏదని అడిగారు.

ఉత్తర్వు వచ్చాక మొదట ఏం మార్పించాలి?

పుట్టిన సర్టిఫికెట్. పుట్టినచోట నమోదైన రిజిస్ట్రార్ దగ్గర ఉత్తర్వు లేదా రిజిస్టర్డ్ పత్రం కాపీతో దరఖాస్తు ఇవ్వండి. అది చేతికొచ్చాక ఆధార్, ఆ తర్వాత స్కూలు రికార్డు, చివర్లో బ్యాంకు, పాస్‌పోర్టు. ఈ వరుస తప్పితే ఒక్కొక్క ఆఫీసుకు రెండుసార్లు వెళ్లాలి. స్కూలు రికార్డు పదో తరగతి పరీక్షకు పేర్లు పంపేలోపు మారాలి, ఆ మెమో మీద పాత పేరు పడితే తర్వాత మార్చుకోవడం పెద్ద పని. పాత సర్టిఫికెట్, డిక్రీ, సమ్మతి పత్రం పారేయకండి, ఒక కవర్లో పెట్టి ఉంచండి. పెద్దయ్యాక అవి అడిగే హక్కు బిడ్డకుంది.